పాత లైనే కదా అనకండి: హైటెన్షన్ లైన్లు మళ్లీ కట్టబోయేవాళ్లకు ఒక బహిరంగ లేఖ

ట్రాన్స్‌మిషన్ లైన్ల ప్లాన్లు గీసే ఇంజినీర్లకు, ఆ ఫైళ్ల మీద సంతకాలు పెట్టే అధికారులకు,

నమస్కారం. నేను టవర్ పక్కన బతికేవాణ్ని. మా పెరటి గోడ నుంచి టవర్ మొదటి కాలు దాకా నడిస్తే యాభై రెండు అడుగులు పడతాయి, చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు లెక్కపెట్టానో నాకే తెలియదు. చినుకు పడే రాత్రుల్లో ఆ వైర్లు జుయ్యిమని మోగుతుంటాయి. ఇంటికొచ్చిన చుట్టాలు ఆ మోతకి నిద్రపట్టక లేచి కూర్చుంటారు, మాకేమో ఆ మోత ఆగితే మెలకువ వస్తుంది, ఎందుకంటే ఆగిందంటే లైను షట్‌డౌన్‌లో ఉన్నట్టు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను లైన్లకి వ్యతిరేకిని కాదు. కరెంటు కావాలి కానీ వైర్లు మాత్రం పక్కవాడి నెత్తి మీంచి పోవాలి అనే రకం కాదు నేను. ఆ వైర్లు ఎప్పట్నుంచో మా నెత్తి మీదే ఉన్నాయి.

పాత లైన్లు మార్చాలంటే నేను మొదట చెయ్యెత్తుతాను. టవర్ కాలు నేలలోకి దిగే చోట వంగి చూడండి, పైన జింకు పూత ఇంకా వెండిలా మెరుస్తున్నా మట్టి తగిలే ఆ జానెడు మేర గోధుమరంగు తిరిగి, వేలితో గీకితే పెచ్చులు ఊడుతుంది. తుప్పు పట్టిన లైను అలాగే వదిలేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, అయినా చదివే మిగతావాళ్ల కోసం చెబుతాను. 2018 నవంబర్ 8న కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరు తగలబడిపోయింది, 85 మంది చనిపోయారు. ఆ మంటకి కారణం ఒక ఇనప కొక్కెం. వైరుని మోసే ఇన్సులేటర్ల వరసను టవర్‌కి తగిలించే కొక్కెం అది. దాదాపు వందేళ్ల పాటు గాలికి ఊగుతూ, ఇనుముని ఇనుమే రాసుకుంటూ, సన్నబడి సన్నబడి ఒక పొద్దున తెగింది. బరువైన ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు ఎన్ని ఉన్నా ఎవరో ఒకరు పైకెక్కి ఆ కొక్కెం ఎంత అరిగిందో చూడకపోతే ఇంతే. కాబట్టి మార్చండి. అందులో గొడవ లేదు.

నా గొడవ అంతా ఆ ‘పునర్నిర్మాణం’ అనే మాటతో.

మీరు ఆ మాట వాడగానే వినేవాడికి ఏమనిపిస్తుందంటే, పాత టవర్ తీసి అదే గుంతలో అంతే టవర్ పెడతారు, పాత వైరు తీసి కొత్త వైరు లాగుతారు, మనకేం తేడా ఉండదు అని. అలా జరిగే సందర్భాలూ ఉన్నాయి, కాదనను. కానీ చాలాసార్లు ఆ ఒక్క మాట వెనక వోల్టేజీ పెరుగుతుంది, ఒక సర్క్యూట్ (కరెంటు మోసే మూడు వైర్ల జట్టు) ఉన్నచోట రెండొస్తాయి, టవర్ ఎత్తు పెరుగుతుంది, దాని కాళ్ల మధ్య దూరం పెరుగుతుంది, వైర్ల కింద ఖాళీగా వదలాల్సిన కారిడార్ వెడల్పవుతుంది. కారిడార్ ఒక్క పది మీటర్లు వెడల్పయితే అందులోకి కొత్తగా ఎవరెవరి ఇళ్లు, ఎవరెవరి చెట్లు, ఎవరెవరి బావులు వస్తాయో మీ డ్రాయింగ్‌లో కనపడదు, మాకు మాత్రం ఇంటి గడప మీద నిలబడితే కనపడుతుంది. ఇంతా జరిగాక కూడా దాన్ని పాత లైనే అంటున్నారు. పెంకుటిల్లు పడగొట్టి అదే స్థలంలో నాలుగంతస్తులు లేపి, పాత ఇంటికే రిపేరు చేయించాం అన్నట్టుంది.

వోల్టేజీ ఎందుకు పెంచుతారో నాకు తెలుసు, పెంచడం తప్పని నేననను. అంతే పవర్‌ని రెట్టింపు వోల్టేజీలో పంపితే వైర్లలో పారే ఆంపియర్లు సగమవుతాయి, అదే వైరులో వేడిగా వృథా అయ్యేది నాలుగో వంతుకి పడిపోతుంది. మంచి లెక్కే. ఆ లెక్క మాకూ చెప్పండి, అర్థం చేసుకోగలం. చెప్పకుండా ‘సామర్థ్య పెంపుతో కూడిన పునర్నిర్మాణం’ అని ఒక ముక్కలో తేల్చేస్తే, దాస్తున్నారేమో అనిపిస్తుంది. దాచడానికేమీ లేని చోట కూడా.

ఇప్పుడు నేను వెళ్లిన ఒక ప్రజాభిప్రాయ సేకరణ సంగతి. ఎవరు పెట్టారు, ఎక్కడ అనేది వదిలేద్దాం. గోడకి పెద్ద మ్యాపు తగిలించారు, దాని మీద ఎర్ర మార్కర్‌తో లైను గీశారు. అందరూ దాని చుట్టూ మూగి తమ ఇల్లెక్కడో వెతుక్కుంటున్నారు. నేనూ వెతికాను. దొరకలేదు. కిందకి చూస్తే స్కేలు 1:50,000 అని ఉంది. జేబులో ఉన్న చిన్న స్కేలు తీసి ఆ ఎర్రగీత మందం కొలిచాను, రెండు మిల్లీమీటర్లు. అంటే నేల మీద వంద మీటర్లు! మా ఇల్లు, పెరడు, పక్కింటివాళ్ల పాక, ఆ వెనక బావి, అన్నీ ఆ మార్కర్ గీత కిందే ఉన్నాయి. లైను మా గోడకి ఇటు పోతుందా అటు పోతుందా అని అడిగితే బల్ల దగ్గర కూర్చున్నాయన, పాపం కుర్రాడు, అతని తప్పు కాదు, “ఈ దశలో అంత వివరం చెప్పలేమండీ” అన్నాడు. సరే ఏ దశలో చెబుతారు అంటే, డిటెయిల్డ్ సర్వే అయ్యాక అన్నాడు. డిటెయిల్డ్ సర్వే అయ్యాక మళ్లీ అడుగుతారా అంటే, లేదండీ, అప్పటికి అలైన్‌మెంట్ (లైను పోయే దారి) ఖరారైపోతుంది కదా అన్నాడు.

ఈ రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చదవండి. అడిగినప్పుడు వివరం ఉండదు. వివరం వచ్చాక అడగరు.

తర్వాత ఒక ఫారం ఇచ్చారు. అందులో మూడే ప్రశ్నలు: పేరు, చిరునామా, ‘ప్రాజెక్టుకు మీరు అనుకూలమా, వ్యతిరేకమా’. నేను రెండూ కాదు కదా! మా పెరటి వెనక టవర్‌ని ముప్ఫై మీటర్లు తూర్పుకి జరిపితే బావి బతుకుతుంది, అటువైపు ఎలాగూ ఖాళీ నేలే అని రాద్దామంటే చోటు లేదు. కాగితం వెనక రాసి, చిన్న బొమ్మ కూడా గీసి పెట్టెలో వేశాను. కొన్ని నెలలకి రిపోర్టు వచ్చింది. అందులో మా అందరి కాగితాలకీ కలిపి ఒకే వాక్యం: ‘అభ్యంతరములు పరిగణనలోకి తీసుకొనబడినవి.’ తీసుకొనబడినవి! ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తీసుకున్నారు, తీసుకుని ఏం చేశారు? మన భాషలో ఈ ‘బడు’ అనేది కార్యాలయాల కోసమే పుట్టిందేమోనని నాకు అప్పుడప్పుడూ అనుమానం వస్తుంటుంది. అందులో పని ఉంటుంది, చేసినవాడే ఉండడు.

ఇలా కాకుండా ఎలా చేయాలో కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. 1998లో డెన్మార్క్‌లోని ఆర్హుస్ నగరంలో ఐరోపా దేశాలు ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి, పర్యావరణానికి సంబంధించిన నిర్ణయాల్లో ప్రజల పాత్ర గురించి. దాని ఆరో అధికరణంలో ఉన్న ముఖ్యమైన సంగతి ఏమిటంటే, జనాన్ని అడగడం తొలి దశలోనే, అన్ని ప్రత్యామ్నాయాలూ ఇంకా తెరిచి ఉన్నప్పుడే జరగాలి అని. నిర్ణయం తీసుకున్నాక దాన్ని కారణాలతో సహా బయటపెట్టాలని కూడా అందులోనే ఉంది. మీకు ఆ ఒప్పందం వర్తిస్తుందా లేదా అన్నది వేరే మాట, అందులో ఉన్న ఇంగితం మాత్రం ఎక్కడైనా వర్తిస్తుంది. గీత గీశాక ఎలా ఉందని అడిగితే మేం చెప్పగలిగింది బాగుంది, బాగాలేదు, అంతే. గీయకముందు అడిగితే ఆ బావి ఎక్కడుందో చెబుతాం, వానాకాలం నీళ్లు ఏ పల్లంలో నిలబడి టవర్ పునాది నానుతుందో చెబుతాం, పాత లైను వేసినప్పుడు ఏ కాలు రెండుసార్లు కుంగిందో చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లు ఉండగా అడగండి.

ప్రత్యామ్నాయాలు అన్నాను కదా, అసలు మా ముందు పెట్టాల్సినవి ఏమిటి? మొదటిది, టవర్లు కదపకుండా వైరు మాత్రం మార్చడం. మామూలు లైన్లలో ఉండేది అల్యూమినియం తీగలు, మధ్యలో ఉక్కు. లోడు పెరిగితే వైరు వేడెక్కి సాగుతుంది, సాగితే కిందికి వేలాడుతుంది. ఇది కళ్లతోనే చూడొచ్చు. తెల్లవారుజామున మా మేడ మీద నిలబడి చూస్తే అన్నిటికన్నా కింది వైరు దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు అంచుకి పైన ఉంటుంది, మండుటెండలో మధ్యాహ్నం అదే చోట నిలబడి చూస్తే ట్యాంకు అంచు దాటి కిందికి దిగి ఉంటుంది. ఆ వేలాడటమే చాలా లైన్లకి హద్దు, నేలకి మరీ దగ్గరగా రాకూడదు కాబట్టి అంతకు మించి లోడు పంపరు. ఉక్కు బదులు కార్బన్ ఫైబర్ లాంటి గుండె ఉన్న వైర్లు వచ్చాయి, అవి బాగా వేడెక్కినా అంతగా వేలాడవు, అదే టవర్ల మీద, అదే కారిడార్‌లో, ఇంచుమించు రెట్టింపు దాకా కూడా మోయగలవు. బెల్జియం, నెదర్లాండ్స్ ఇలాగే వైర్లు మార్చుకుంటున్నాయి. ఇది అన్నిచోట్లా పనికిరాదని నాకు తెలుసు. టవర్లే తుప్పు పట్టి ఉంటే కొత్త వైరు వేసి ఏం లాభం, చాలా పొడవైన లైన్లకి వేడి కాకుండా వోల్టేజీ నిలకడ లాంటి వేరే హద్దులుంటాయి. సరే, మా లైనుకి ఎందుకు పనికిరాదో ఒక పేజీలో రాసివ్వండి. ‘పరిశీలించి తిరస్కరించాం’ అంటే చాలదు, ఏ లెక్కతో తిరస్కరించారో కావాలి.

రెండోది భూమి కింద కేబుల్. మీటింగుల్లో ఇది అడగని ఊరు ఉండదు, ఇక్కడ మా వాళ్లకీ రెండు మాటలు చెప్పాలి. భూమి కింద వేస్తే కనపడదు కానీ ఊరికే రాదు. టవర్లకైతే కాళ్లున్న చోటే తవ్వుతారు, కేబుల్‌కైతే మొత్తం పొడవునా కందకం తవ్వాలి, దాని మీద వేళ్లు లోతుకు పోయే చెట్లు పెంచకూడదు, ఎక్కడైనా కాలితే తప్పు దొరికి, తవ్వి, జాయింటు వేసేసరికి వారాలు పట్టొచ్చు. పైన తెగిన వైరుని చాలాసార్లు గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో కలిపేస్తారు. పైగా ఏసీ కేబుల్ పొడవు పెరిగేకొద్దీ దాన్ని చార్జి చేయడానికే కరెంటు ఖర్చయిపోతుంది, అందుకే చాలా దూరాలకి డీసీలోకి మారాల్సొస్తుంది. జర్మనీ 2015లో చట్టం మార్చి పెద్ద డీసీ లైన్లకి కేబుల్‌కే మొదటి ప్రాధాన్యం ఇచ్చింది, టవర్లంటే జనం ఒప్పుకోకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. ఇంగ్లండ్‌లో డోర్సెట్ కొండల మీద 22 టవర్లు పీకేసి, 8.8 కిలోమీటర్ల మేర లైనుని భూమిలోకి దించారు, 2022లో. అంటే అసాధ్యమేమీ కాదు, ఖరీదు. ఇళ్లు ఒత్తుగా ఉన్న రెండు మూడు కిలోమీటర్ల ముక్కనైనా కేబుల్ చేయగలరా అన్నది మా ప్రశ్న, మొత్తం వంద కిలోమీటర్లూ దించమని కాదు. మొత్తానికి కుదరదని చెప్పి ముక్కకి కూడా ఎగ్గొట్టకండి.

మూడోది ఎవరూ అడగరు, నాకు అన్నిటికన్నా ముఖ్యం. పాత లైను ఎప్పుడు తీస్తారు? నడుస్తున్న లైనుని నెలల తరబడి ఆపలేరు కాబట్టి చాలాచోట్ల పక్కనే కొత్తది కట్టి, చార్జి చేసి, అంటే దానిలోకి కరెంటు ఎక్కించి, ఆ తర్వాత పాతది తీస్తారు. కాగితం మీద బాగానే ఉంటుంది. కొత్త లైను చార్జి అయిన రోజు అందరూ ఫొటోలు దిగుతారు, పాత లైను తీసే రోజు మాత్రం వాయిదా మీద వాయిదా. వైర్లు తీసేసినా టవర్లు మొండిగా నిలబడే ఉంటాయి, టవర్లు తీసేసినా పునాది దిమ్మెలు నాలుగూ నేలలోనే. నాగలి పెట్టినవాడికి తెలుస్తుంది అది. కాబట్టి కొత్త లైను తేదీతో పాటు పాత లైను తీసే తేదీ కూడా అదే కాగితంలో రాయండి, దిమ్మెని నేల కింద ఎంత లోతు వరకు కొడతారో రాయండి, ఆ గుంతని పైమట్టితో పూడుస్తారా రాళ్లూ రప్పలూ వేసి పోతారా అదీ రాయండి.

ఇక ఆరోగ్యం సంగతి. ఇది వచ్చేసరికి మీటింగులో అరుపులు మొదలవుతాయి, మీవాళ్లు ‘అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి’ అని ముగించేస్తారు. దాంతో అరుపులు ఇంకా పెరుగుతాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పి చూడండి ఒకసారి. జనం కోసం అంతర్జాతీయంగా 2010లో ఇచ్చిన మార్గదర్శకంలో మన 50 హెర్ట్జ్ కరెంటు వైర్ల చుట్టూ పుట్టించే అయస్కాంత క్షేత్రానికి హద్దు 200 మైక్రోటెస్లా (ఆ క్షేత్రం బలాన్ని కొలిచే కొలమానం). లైన్ల కింద ఉండేది మామూలుగా దానికి చాలా తక్కువే. అయితే క్యాన్సర్ మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2002లో ఈ క్షేత్రాలని ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు’ అనే 2బి వర్గంలో పెట్టింది. సగటున 0.3, 0.4 మైక్రోటెస్లాకి మించిన ఇళ్లలోని పిల్లల్లో ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కొంచెం ఎక్కువగా కనపడిందని కొన్ని అధ్యయనాల్లో రావడం దానికి ఆధారం, క్షేత్రమే కారణమని మాత్రం రుజువు కాలేదు. ఈ రెండు అంకెల మధ్య అంత తేడా ఎందుకుందో తెలియక జనం భయపడుతున్నారు. 200 అనేది ఒంట్లో నరాల మీద వెంటనే కనపడే ప్రభావం నుంచి కాపాడే హద్దు, 0.4 అనేది రుజువు కాని ఒక గణాంక సంబంధం. ఇది చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు.

చెప్పి ఊరుకోకుండా ఇంకో పని చేయొచ్చు. ఒక టవర్ మీద రెండు సర్క్యూట్లు ఉన్నప్పుడు, ఒకవైపు ఫేజ్‌లు (సర్క్యూట్‌లోని మూడు వైర్లు) పైనుంచి కిందికి ఏ వరసలో ఉన్నాయో రెండోవైపు దానికి తలకిందులుగా పెడితే, రెండు వైపులా లోడు ఒకే దిశలో పారుతున్నంత కాలం రెండు క్షేత్రాలూ కొంత మేర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, దూరం పోయేకొద్దీ క్షేత్రం ఇంకా త్వరగా పడిపోతుంది. కొత్తగా కట్టేటప్పుడు అనుకుంటే దీనికి పెద్దగా ఖర్చుండదు, కట్టాక అనుకుంటే ఉంటుంది. మా లైనులో అలా పెడుతున్నారా? మాకిచ్చే పట్టికలో గరిష్ఠ లోడుకీ సగటు లోడుకీ వేర్వేరుగా, వైరు కింద, గోడ దగ్గర, వంద మీటర్ల అవతల ఎంతెంత ఉంటుందో వేస్తారా? అది ఒక్కటి చేతికిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది. వైర్ల కింద ఇనప కంచె ముట్టుకుంటే చురుక్కుమంటుందే, దానికి ఎర్తింగ్ ఎవరు చేయించాలో కూడా రాస్తే మహరాజులు.

చెట్ల గురించి మీతో పోట్లాడను. 2003 ఆగస్టు 14న అమెరికాలోని ఒహాయోలో లోడుతో వేడెక్కి వేలాడిన లైన్లు కింద ఏపుగా పెరిగిన చెట్లకి తగిలి ఒకదాని తర్వాత ఒకటి ట్రిప్ అయితే, ఆ సాయంత్రానికి అమెరికా, కెనడాల్లో దాదాపు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. చెట్టు కొట్టాల్సిందే అంటే కొట్టండి, కానీ ఏ చెట్టో ముందే నంబరు వేసి చూపించండి, కొట్టినవాళ్లు కొమ్మలు అక్కడే పారేసి పోకుండా చూడండి. పక్షుల సంగతి కూడా ఒక్క మాట. అవి లావు వైర్లని చూసి పైకి లేచి, పిడుగుల నుంచి లైనుని కాపాడటానికి అన్నిటికన్నా పైనుండే సన్నటి ఎర్త్ వైరుకి కొట్టుకుని పడతాయి. అది పక్షులకి కనపడేలా దానికి తగిలించే స్పైరల్ మార్కర్లు లైను లాగేటప్పుడే వేసేయండి, తర్వాత మళ్లీ షట్‌డౌన్ తీసుకుని ఎవరూ వెయ్యరు. టవర్ ఆకారం మీద కూడా అడుగుతామంటే మేమేం కాదనం. బ్రిటన్‌లో పోటీ పెట్టి ఎంచుకున్న టీ ఆకారపు టవర్ పాతదానికన్నా మూడో వంతు పొట్టి, 35 మీటర్లే, కానీ నాకెందుకో మన పాత జాలీ టవరే నయమనిపిస్తుంది, కనీసం దాని కాళ్ల మధ్య నుంచి అవతలి ఆకాశం కనపడుతుంది. ఇది నా ఒక్కడి మాట, మా ఇంట్లోనే ఒప్పుకోరు.

ఇన్నీ రాసి అడిగేది ఏమిటంటే, మేం పెట్టే ప్రతి కాగితానికీ ఒక నంబరు ఇవ్వండి, రిపోర్టులో ఆ నంబరు ఎదురుగా రాయండి: టవర్ జరిపాం, లేదా జరపలేదు, జరపకపోతే ఎందుకు జరపలేదో. ‘జరిపితే ఆ మూల దగ్గర లైను మరీ వంకర తిరుగుతుంది, దానికి ఇంకా బరువైన టవర్ పెట్టాలి, దాని పునాది ఇంకో ఇంటివాళ్ల స్థలంలోకి వస్తుంది’ అని రాశారనుకోండి, నాకు బాధగానే ఉంటుంది కానీ మనిషన్నవాడు నా కాగితం చదివాడని తెలుస్తుంది. ఎన్ని కాగితాలొచ్చాయి, వాటి వల్ల ఎన్ని చోట్ల డ్రాయింగ్ మారింది, ఈ రెండు అంకెలూ రిపోర్టు మొదటి పేజీలో వేయండి. రెండో అంకె ప్రతిసారీ సున్నా వస్తుంటే మీకే తెలిసిపోతుంది.

తర్వాతి మీటింగుకి నేనొస్తాను. ఈసారి 1:2,000 స్కేలు మ్యాపు తెండి, గీత సన్నటి పెన్సిల్‌తో గీయండి. చెరిపే రబ్బరు నేను తెస్తాను, నా జేబులో ఆ చిన్న స్కేలు కూడా ఉంటుంది.

ఇట్లు,
టవర్‌కి యాభై రెండు అడుగుల దూరంలో ఉండే ఒకడు